మీటరు తక్కువ తిరిగిన పాత ట్రాక్టరు కొంటున్నారా?

దాళ్వా మాసూళ్లు పూర్తయి, కాలువలు కట్టేసి, మళ్లీ సార్వాకి నీళ్లు వదిలేలోపు ఉండే నెలా నెలన్నర రోజుల్లో మన రాజోలు ప్రాంతంలో పాత ట్రాక్టర్ల బేరాలు జోరుగా సాగుతాయి. దిండిలో టీ కొట్టు దగ్గర కాసేపు కూర్చుంటే చాలు. చించినాడ వంతెన అవతల పాలకొల్లు వైపు ఒక బండి ఉందని ఒకరు, అమలాపురం దగ్గర ఇంకోటి ఉందని ఇంకొకరు చెబుతారు. బళ్లు వేరైనా మాట మాత్రం ఒక్కటే. "ఆరొందల గంటలే తిరిగిందండి. షెడ్డులోంచి బయటికి తీసిందే తక్కువ. కొత్తదానితో సమానం."

ఈ మాట నిజమయ్యే బళ్లూ ఉంటాయి. కొబ్బరితోట కోసం ముచ్చటపడి కొని వాడలేకపోయినవారు, పిల్లలు హైదరాబాదు వెళ్లిపోగా నడిపే మనిషి లేనివారు, వాయిదాలు కట్టలేక అమ్ముకునేవారు ఉన్నారు. అలాంటి బండి దొరికితే చిన్న రైతుకి అంతకంటే మంచి బేరం లేదు. కాని అదే మాట చెప్పి రెండు వేల గంటలు బురదలో నలిగిన బండిని అంటగట్టేవారూ ఉన్నారు. క్లచ్చి, గేరుపెట్టె, డీజిలు పంపు వెనకాముందు మరమ్మతుకొస్తే ఇంట్లో బంగారం బ్యాంకుకి వెళుతుంది. సార్వా దమ్ముల పదును దాటిపోతుంది. అద్దెకు దున్నుతానని ఊళ్లో ఒప్పుకున్న చేలు వేరే బండికి పోతాయి.

అందుకని బండి దగ్గరికి వెళ్లక ముందే ఇంట్లో కూర్చుని ఒక లెక్క వేసుకోండి. మీ సొంత చేనుకి, తోటకి ఏడాదికి ఎన్ని గంటల పని ఉంది? బయట అద్దెకు ఎన్ని గంటలు నిజంగా దొరుకుతుంది? ఊళ్లో ఇప్పటికే ఎన్ని బళ్లున్నాయి? వ్యవసాయ ఇంజనీర్లు ట్రాక్టరు ఖర్చు లెక్క కట్టేటప్పుడు ఏడాదికి 1000 గంటల పని, పదేళ్ల ఆయుష్షు అని తీసుకుంటారు. మన వైపు రెండెకరాల రైతు ఒక్కడూ కలిగించే పని అందులో పదో వంతు కూడా ఉండదు. అద్దె పని గట్టిగా లేకపోతే ఎంత చవగ్గా వచ్చినా బండి బరువే. అన్నదమ్ములో పక్క చేల వాళ్లో ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోవడం మేలు. అప్పుడు ఎవరి పేరున రిజిస్ట్రేషను, ఎవరి వాటా ఎంత, డీజిలు, మరమ్మతు ఎవరిది అన్నవి స్టాంపు కాగితం మీద రాసుకోండి.

మీటరు చెప్పేది, చెప్పనిది

ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపించేదే అవరు మీటరు. చాలామంది దాన్ని గడియారంలా అనుకుంటారు. పాత రకం కేబులు మీటరు గడియారం కాదు. అది ఇంజను చుట్లను లెక్కపెట్టి, వాటిని గంటలుగా చూపిస్తుంది. ఎన్ని చుట్ల వేగం దగ్గర గంటకు గంట కలుస్తుందో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. కొన్నిటికి డయలు మీదే గుర్తు ఉంటుంది. ఇంజనును అందులో సగం వేగంతో నడిపితే గడియారంలో రెండు గంటలు గడిచినా మీటరులో ఒక గంటే పడుతుంది. నీళ్ల మోటారుకో, చేపల చెరువు దగ్గర జనరేటరుకో పెట్టి తక్కువ వేగంతో రాత్రంతా నడిపిన బండికి మీటరు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. కొత్త రకం ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు ఇంజను నడిచిన సమయాన్నే కలుపుతాయి.

ఇక కేబులు తెగితే మీటరు ఆగిపోతుంది, బండి ఆగదు. తెగిన కేబులుతో మూడేళ్లు నడిపి, అమ్మే ముందు కొత్త కేబులు వేసిన బండిలో మీటరు అబద్ధం చెప్పదు, నిజమూ చెప్పదు. ఎలక్ట్రానిక్ రకమైతే మొత్తం డబ్బానే మార్చేయొచ్చు. కాబట్టి కేబులు కొత్తగా మెరుస్తోందా, డాష్‌బోర్డు స్క్రూల తలలు అరిగి ఉన్నాయా చూడండి. అక్కడ స్క్రూడ్రైవరు తిరిగిందంటే ఎందుకు తిరిగిందో అడగండి.

మీటరు పనిచేస్తోందో లేదో తేల్చడానికి మీ చేతి గడియారం చాలు. మీటరులో చివరి అంకె గంటలో పదో వంతు. అంటే 6 నిమిషాలు. ఇంజనును పుస్తకంలో చెప్పిన వేగం దగ్గర నిలిపి 12 నిమిషాలు ఉంచండి. ఆ అంకె రెండు గళ్లు కదలాలి. ఒకటే కదిలినా, అసలు కదలకపోయినా ఆ మీటరు మీది ఆరొందలను ఆరొందలుగా లెక్కపెట్టకండి.

తరవాత అమ్మేవారి మాటతో మీటరును సరిచూడండి. అయిదేళ్ల బండి, మీటరు 600. అంటే ఏడాదికి 120 గంటలు. "ఊళ్లో రెండు పంటలకీ దమ్ములు మన బండే చేసిందండి" అని ఆయనే గొప్పగా అంటే, అక్కడే పట్టుకోండి. ఒక పంట దమ్ము ఇరవై రోజులు, రోజుకి 8 గంటలు అనుకున్నా 160 గంటలు. రెండు పంటలకి 320. అయిదేళ్లకి 1600. ఆ పైన ట్రక్కు తోలకం. అలా కాక పది ఎకరాల కొబ్బరితోటలో దున్నకం, కాయ తోలకం తప్ప వేరే పని చెయ్యలేదంటే 120 గంటలు నమ్మదగిన మాటే. తోట ఉందో లేదో చుట్టుపక్కల అడిగితే తెలుస్తుంది.

సర్వీసు పుస్తకం అడగండి. కంపెనీని బట్టి మారినా, మొదటి సర్వీసు సాధారణంగా 50 గంటల దగ్గర, ఆ తరవాతవి 250 గంటలకోసారి వస్తుంటాయి. ప్రతి ముద్ర పక్కన తేదీ, మీటరు అంకె ఉంటాయి. 2022లో 700 గంటలకి సర్వీసు చేయించిన బండి ఇప్పుడు 600 చూపిస్తే ఇక మాట్లాడాల్సింది లేదు. పుస్తకం పోయిందంటే చాసిస్ నంబరు రాసుకుని ఆ కంపెనీ డీలరు వర్క్‌షాపులో అడగండి. వారంటీ రోజుల్లో వచ్చిన బండైతే రికార్డు దొరికే అవకాశం ఉంది.

మన దగ్గర టైరు సాక్ష్యం చాలదు

మెట్ట ప్రాంతాల్లో వెనక టైరు చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. గుబ్బలు అరిగితే పని ఎక్కువ, అరగకపోతే తక్కువ. కోనసీమలో ఇది పనిచెయ్యదు. దమ్ముకి టైర్లు విప్పి ఇనుప చక్రాలు బిగిస్తాం. టైర్లు షెడ్డులో గోడకి ఆనించి ఉంటాయి, ఇంజను, ఇరుసు మాత్రం బురదలో తిరుగుతుంటాయి. గుబ్బలు నిండుగా ఉన్నాయని మురిసిపోకండి.

ఇనుప చక్రాల ఆనవాళ్లు వేరే చోట దొరుకుతాయి. వెనక హబ్బు దగ్గర స్టడ్లు, నట్లు చూడండి. ఏటా విప్పి బిగించిన నట్ల మూలలు గుండ్రంగా అరిగి ఉంటాయి. రిమ్ము రంధ్రాలు కోలగా సాగి ఉంటాయి. మడ్గార్డు లోపలి అంచుకి ఇనుము రాసుకున్న గీతలు ఉంటాయి. పైన ఎంత రంగు వేసినా లోపలి అంచు దాకా వేసేవాళ్లు తక్కువ. టైరును వదిలేసి దాని పక్కన సగం చక్రం బిగించి దమ్ము చేసిన బళ్లకి ఇరుసు బేరింగు మీద బరువు ఇంకా ఎక్కువ పడుతుంది.

చాలా టైర్ల పక్కన నాలుగంకెల తయారీ గుర్తు ఉంటుంది. 3221 అని ఉంటే 2021లో 32వ వారం. బండి 2020ది, టైర్లు 2023వి అయితే 600 గంటలకే టైర్లు ఎందుకు మార్చాల్సి వచ్చిందో అమ్మేవారు చెప్పాలి. క్లచ్చి, బ్రేకు పెడలు మీది రబ్బరు, స్టీరింగు పట్టుకునే చోటు, ట్రక్కు తగిలించే కొక్కెం రంధ్రం కూడా చూడండి. ఇసుక, మట్టి తోలిన బండికి కొక్కెం రంధ్రం కోడిగుడ్డులా సాగిపోతుంది. కొక్కేనికి వెల్డింగు పెట్టి గ్రైండింగు చేసి ఉంటే మరీ అనుమానించాలి.

చల్లటి ఇంజను దగ్గరికే వెళ్లండి

"మీరొస్తున్నారని స్టార్టు చేసి ఉంచానండి" అంటే కృతజ్ఞతలు చెప్పి, సాయంత్రం మళ్లీ వస్తామనండి. చల్లగా ఉన్నప్పుడు మొరాయించే ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే అందుకుంటుంది. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి వేసి చూడండి.

స్టార్టు చెయ్యకముందే రేడియేటరు మూత తీసి నీళ్లు చూడాలి. వేడి మీద మాత్రం తియ్యకూడదు, మొహం కాలుతుంది. నీళ్ల మీద నూనె తేలితే, స్టార్టు చేశాక అదే పనిగా బుడగలు వస్తే హెడ్డు గాస్కెట్టో, హెడ్డో చూడాలి. ఆయిలు కొలిచే పుల్ల తీస్తే ఆయిలు నల్లగా ఉండటం డీజిలు ఇంజనుకి తప్పు కాదు. పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయని. మరీ బంగారంలా మెరుస్తుంటే నిన్ననే పోశారని. పాత ఆయిలు ఏమైందని అడగండి.

స్టార్టు చేశాక పొగ చూడండి. మొదట కాస్త తెల్ల పొగ రావడం మామూలే, ఇంజను వేడెక్కినా అదే పొగ ఆగకపోతే మామూలు కాదు. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది. బరువు లేకుండానే నల్లపొగ కక్కితే నాజిళ్లో, గాలి ఫిల్టరో, పంపో చూడాలి. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత మెల్లగా తియ్యండి. పల్చగా ఆవిరి వస్తే ఫరవాలేదు. రైలింజనులా గుప్పుగుప్పున పొగ కొడితే రింగులు, లైనర్లు అరిగాయన్నమాట. 600 గంటల ఇంజను అలా కొట్టదు. అరగంట నడిచాక, వేడి మీద, వేగం తగ్గించి ఆయిలు ప్రెషరు ముల్లు చూడండి. లైటు రకమైతే అది మిణుకుమిణుకుమనకూడదు.

గేరుపెట్టెలో నీళ్లు

మనవైపు బళ్లలో అన్నిటికంటే ముందు చూడాల్సిందీ, అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

దమ్ములో బండి ఇరుసు దాకా దిగుతుంది. రెండు మూడు గంటలు పనిచేసేసరికి గేరుపెట్టె, వెనక పెట్టె కాగిపోతాయి. ఆ వేడి మీద చల్లటి నీళ్లలో ఆగితే లోపలి గాలి కుంచించుకుని, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి నీళ్లను లోపలికి లాగుతుంది. ఇరుసు సీళ్లు, బ్రేకు పెట్టెలు, గేరు రాడ్ల రబ్బర్లు, పీటీఓ సీలు అన్నీ దారులే. క్లచ్చి పెట్టె అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. దమ్ముకి దిగేటప్పుడు దానికి బిరడా బిగించాలి, పొడి దుక్కికి వచ్చాక తీసెయ్యాలి. చాలామంది బిగించరు.

చాలా బళ్లలో గేరుకీ, లిఫ్టుకీ ఒకటే ఆయిలు. అందులో నీళ్లు కలిస్తే బేరింగుల మీద గుంటలు పడతాయి, హైడ్రాలిక్ పంపు తుప్పు పడుతుంది, లిఫ్టు వాల్వు బిగుసుకుంటుంది. బయటికి ఏమీ కనిపించదు. బండి మామూలుగానే నడుస్తుంది. ఆ తరవాత సార్వాలో, సరిగ్గా పని మీదున్నప్పుడు మొరాయిస్తుంది.

పరీక్ష తేలిక. రాత్రంతా బండిని కదపకుండా ఉంచమనండి. తెల్లవారి స్టార్టు చెయ్యకముందు వెళ్లండి. గేరుపెట్టె అడుగున ఉన్న డ్రెయిను బోల్టును పూర్తిగా తియ్యకుండా, ఆయిలు చుక్కలుగా కారేదాకా వదులు చేసి, కింద గాజు గ్లాసు పట్టండి. నీళ్లు ఆయిలు కంటే బరువు కాబట్టి రాత్రికి అడుగుకి చేరి ముందుగా అవే వస్తాయి. నీళ్లు చిలికి ఆయిలుతో కలిసిపోతే మజ్జిగలా తెల్లగా వస్తుంది. వెనక పెట్టెకి కూడా ఇలాగే చెయ్యాలి. బోల్టుకి అయస్కాంతం ఉన్న బండైతే దాన్ని పట్టుకున్న ఇనుప రజను చూడండి. సన్నని బూడిదలా ఉంటే సరే, పలుకులు తగిలితే లోపల పళ్లు ఊడుతున్నాయి. "అబ్బే, బోల్టు ముట్టుకుంటే కారుతుందండి" అని అడ్డుపడే అమ్మకందారు బండి మనకి వద్దు.

ఇంకొక్క సంగతి. ఇంజనుకీ గేరుపెట్టెకీ మధ్య అతుకు, గేరుపెట్టెకీ వెనక పెట్టెకీ మధ్య అతుకు వెంట వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లండి. కంపెనీ రంగు చెదరకుండా ఉందా? గాస్కెట్టు గమ్ము బయటికి పొంగి ఎండిపోయి ఉందా? బోల్టు తలల మీద పానా గుర్తులున్నాయా? క్లచ్చి మార్చాలన్నా, గేరు పళ్లు మార్చాలన్నా బండిని అక్కడే విడగొట్టాలి. ఆరొందల గంటల బండిని విడగొట్టే అవసరం మామూలుగా రాదు.

వరద, ఉప్పు

వశిష్ఠ పక్కన ఉన్నవాళ్లకి వరద గురించి చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టు, 2006, 2022 జూలై వరదల్లో లంకలు ఎలా మునిగాయో పెద్దలకి గుర్తే. నీళ్లలో మునిగిన బండి గంటల మీటరు ముందుకి తిరగదు. ఒకటి రెండు రోజులు ఇంజను మీదుగా నీళ్లు నిలిచి, తరవాత కడిగి రంగేసిన బండి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

ఒండ్రు మాత్రం దాక్కుంటుంది. హెడ్‌లైటు లోపల, సామాన్ల డబ్బా మూలల్లో, సీటు కింద రేకు మడతల్లో, డైనమో, స్టార్టరు వెనక, డాష్‌బోర్డు లోపల టార్చిలైటు వేసి చూడండి. వేలికి మెత్తటి గోధుమరంగు పొడి అంటితే అది పొలంలో ధూళి కాదు. 2022కి ముందు కొన్న, లంక గ్రామాల నుంచి వచ్చిన బండికి ఈ పరీక్ష తప్పదు.

ఉప్పు సంగతి ఇంతకంటే మెల్లగా పనిచేస్తుంది. రొయ్యల చెరువుల్లో అడుగు దున్నడానికీ, గట్లు వెయ్యడానికీ, మేత తోలడానికీ తిరిగిన బళ్లలో వైర్ల చివర్లు ఆకుపచ్చగా బూజు కడతాయి, రేడియేటరు రేకులు పొడిపొడిగా రాలతాయి, రిమ్ము టైరు అంచు దగ్గర పొరలుగా లేస్తుంది. టైర్లలో బరువు కోసం నీళ్లు నింపే అలవాటున్నవాళ్ల బళ్లకి వాల్వు చుట్టూ రిమ్ము లోపలి నుంచి తింటుంది. స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడండి. ఖంగుమనకుండా బొద్దుగా మోగితే రిమ్ము ఖర్చు లెక్కలో వేసుకోండి.

నిజంగానే షెడ్డులో పడి ఉన్న బండికీ జబ్బులుంటాయి. మన తేమకి డీజిలు ట్యాంకు అడుగున తుప్పు, నీళ్లు చేరతాయి. ఎలకలు వైర్లు కొరుకుతాయి. సీళ్లు ఎండి, నడపడం మొదలుపెట్టాక కారతాయి. బ్యాటరీ చస్తుంది. ఇవి పెద్ద జబ్బులు కావు, ధర తగ్గించుకోవడానికి పనికొస్తాయి. డీజిలు పంపు బిగిసిపోతే మాత్రం ఖర్చు గట్టిగానే అవుతుంది.

పని పెట్టి చూడండి

రోడ్డు మీద నాలుగు చక్కర్లు కొట్టి తెచ్చుకోకండి. డీజిలు మనం పోయించుకునైనా గంటసేపు చేలో రోటావేటరుతో తిప్పాలి. గేర్లన్నీ వేసి చూడాలి. బరువు పడ్డప్పుడు గేరు జారి బయటికి వస్తే అది పెట్టె విప్పే పని. పెద్ద గేరులో కాలువ గట్టు ఎక్కించేటప్పుడు ఇంజను అరుపు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్చి జారుతోంది.

రోటావేటరు పూర్తిగా పైకి లేపి ఇంజను ఆపండి. దాని ఎత్తును కర్ర మీద సుద్దతో గుర్తు పెట్టి పది నిమిషాలు వదిలెయ్యండి. కొద్దిగా దిగితే సర్దుకోవచ్చు. కళ్లముందే నేలకి వచ్చేస్తే లిఫ్టుకి సీళ్లో వాల్వో కావాలి. వట్టి చేతులు లేపి చూపిస్తే సరిపోదు, బరువుతోనే చూడాలి. ఆ సమయంలో కాలు కింద పెట్టకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పీటీఓ తిరుగుతుంటే పంచె, తువ్వాలు దూరంగా ఉంచుకోండి. ముందు ఇరుసును జాకీతో ఎత్తి చక్రాన్ని ఇటూ అటూ ఊపితే కింగుపిన్ను, బేరింగుల వదులు తెలుస్తుంది.

వెంట తీసుకెళ్లే మెకానిక్కు అమ్మేవారి ఊరివాడు కాకూడదు, బ్రోకరు పంపినవాడు అసలే కాకూడదు. అతనికి ఒక రోజు కూలి మనమే ఇవ్వాలి. రెండు వైపులా కమీషను తీసుకునే మనిషి ఇచ్చే సలహా మనకి ఎక్కువ ఖర్చవుతుంది. 2023 జనవరి తరవాత తయారైన 50 హార్సుపవరు దాటిన బండైతే కొత్త కాలుష్య నిబంధనల ఇంజను కాబట్టి, అది ఎరిగిన మెకానిక్కునే తీసుకెళ్లాలి. ట్రాక్టరు సంగతులు పద్ధతిగా నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లుంటే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా కేంద్రం ఉంది.

ధర దగ్గర

అమ్మేవారు సాధారణంగా తాము కొన్న బిల్లు తీసి చూపిస్తారు. "ఇంతకి కొన్నాం, రెండు లక్షలు తగ్గించి ఇస్తున్నాం" అంటారు. ఆ బిల్లు పాత పన్నుది. ట్రాక్టర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా 6 లక్షల విలువైన బండికి లోగడ పన్ను 72 వేలు, ఇప్పుడు 30 వేలు. తేడా 42 వేలు. ట్రాక్టరు టైర్లకి, చాలా విడిభాగాలకి కూడా అప్పుడే 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. కాబట్టి అమ్మేవారి బిల్లును పక్కన పెట్టి, అదే రకం కొత్త బండికి ఈ వారం డీలరు చెప్పే ధర కాగితం మీద రాయించుకుని వెళ్లండి. బేరం అక్కడి నుంచి మొదలు కావాలి.

ఆ ధరలోంచి బండి వయసుకి తగ్గించాల్సింది తగ్గించండి. ఆ పైన మీ మెకానిక్కు చెప్పిన మరమ్మతుల్ని ఒక్కొక్కటీ రాసి, సామాను ధర, కూలి కలిపి తియ్యండి. కొత్త బండికి వచ్చే వారంటీ దీనికి ఉండదు కాబట్టి మొదటి పంటలో రాబోయే మరమ్మతుకి కొంత చేతిలో ఉంచుకోవాలి. ఇన్ని తీసేశాక మిగిలే మొత్తానికీ, కొత్త బండికి మీరు కట్టాల్సిన వాయిదాలకీ పెద్ద తేడా లేకపోతే పాతది ఎందుకు? ఫైనాన్సు కంపెనీలు జప్తు చేసి వేలం వేసే బళ్లు చవగ్గా కనిపిస్తాయి. అక్కడ ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవాలి, చేలో తిప్పి చూసే వీలు సాధారణంగా దొరకదు. మొదటిసారి కొనేవారు అటు వెళ్లకపోవడమే మంచిది.

కాగితాలు

బండి బాగుండి కాగితాలు బాగోకపోతే అది మీది కాదు. ముందుగా ఆర్‌సీలోని చాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా చూడండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. నంబరు చుట్టూ గ్రైండింగు చేసిన నునుపు కనిపిస్తే వెనక్కి వచ్చెయ్యండి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీసు పెట్టాక పలక చూసి బండి ఏ జిల్లాదో చెప్పలేం. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషను తేదీ, ఇన్సూరెన్సు, ఫైనాన్సు ఉందో లేదో తెలుస్తుంది. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చూపించుకోండి. ట్రక్కుకి వేరే రిజిస్ట్రేషను ఉంటుంది. దాని కాగితం కూడా విడిగా అడగాలి.

ఆర్‌సీలో హైపోథికేషను ఉంటే "బాకీ తీరిపోయిందండి" అన్న మాట చాలదు. బ్యాంకు లేదా ఫైనాన్సు కంపెనీ ఇచ్చిన నిరభ్యంతర పత్రం, ఫారం 35 చేతికి రావాలి. యజమాని చనిపోయి కొడుకులు అమ్ముతుంటే ముందు ఫారం 31 మీద వారసుల పేరుకి మారాలి. వారసుల్లో ఆడపిల్లలూ ఉంటారని మరిచిపోకండి. 2022లో యంత్ర సేవ పథకం కింద రైతు గ్రూపులకు 40 శాతం సబ్సిడీతో ఇచ్చిన ట్రాక్టర్లు తక్కువ గంటలతో బేరానికి వస్తే మరింత జాగ్రత్త కావాలి. అవి ఒక్కరివి కావు. గ్రూపు సభ్యులందరి సంతకాలు, బ్యాంకు అప్పు తీరిన కాగితం, సబ్సిడీ షరతు ప్రకారం అమ్మవచ్చని వ్యవసాయ శాఖ నుంచి రాతపూర్వకమైన మాట లేకుండా బజానా కూడా ఇవ్వకండి.

పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30 కావాలి. అమ్మేవారి చేత మీ ఎదుటే సంతకం పెట్టించుకోండి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం రాష్ట్రంలోనే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలియజెయ్యాలి. ఇన్సూరెన్సు మీ పేరుకి మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయాలి. ఇది అమ్మేవారికి కూడా అవసరమే. ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్న యజమానే నష్టపరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బండి ఎప్పుడో అమ్మేశానన్న వాదన నిలవలేదు. ఈ సంగతి అమ్మేవారికి చెబితే సంతకానికి ఆయనే తొందరపడతాడు.

బజానా ఇచ్చేటప్పుడు రసీదులో బండి నంబరు, చాసిస్ నంబరు, ఆ రోజు మీటరు అంకె, మొత్తం ధర, మిగతా డబ్బు ఎప్పుడిచ్చేదీ రాయించండి. "గేరుపెట్టె ఆయిలులో నీళ్లు కనిపించినా, కాగితాలు తేడా వచ్చినా బజానా తిరిగి ఇస్తాను" అన్న వాక్యం కూడా ఉండాలి. కొంత సొమ్ము, పాతిక వేలో ముప్పై వేలో, ఆర్‌సీ మీ పేరున వచ్చాకే ఇచ్చేలా మాట్లాడుకుని, అది కూడా ఆ రసీదులోనే ఎక్కించండి. బండి ఇంటికి వచ్చిన రోజే ఇంజను ఆయిలు, గేరు ఆయిలు, ఫిల్టర్లు అన్నీ మార్చి, మీటరు అంకె, తేదీ ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. రేపు మీరు అమ్మాల్సి వస్తే కొనేవారు అడిగేది ఆ పుస్తకమే.